ఏడో ప్రశ్న పట్టుకుని కొల్లేరు దాకా

హాజరైనవారు: ట్రైనీ టీచర్లు నలభై ముగ్గురు. అందులో ముప్ఫై ఒక్కరు నీలం అంచు యూనిఫాం చీరల్లో, పన్నెండు మంది టక్ చేసుకున్న తెల్ల చొక్కాల్లో. లెక్చరర్లు ఐదుగురు. ప్రిన్సిపాల్ గారు. హాజరైన వస్తువులు: థర్మోకోల్ గుండె ఒకటి, థర్మోకోల్ మూత్రపిండాలు ఒక జత, తిరిగే ఫ్యాన్లు మూడు, తిరగని ఫ్యాను ఒకటి, బంతిపూల బొకే ఒకటి, మడత విప్పని శాలువా ఒకటి, స్టీలు పళ్ళెంలో జీడిపప్పులు సుమారు నలభై.

బొకే, శాలువా, జీడిపప్పు నాకోసమేనని అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది. నేను వాటికి తగిన మనిషిని కానని వాళ్ళకు అర్థమయ్యేసరికి సాయంత్రమైంది.

మాది అనంతపురం. జెనెటిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి తిరుపతిలో ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నాను. రక్తంలోని కణాలను మూడు రోజులు పెంచి, అవి విభజన చెందుతున్న సమయంలో ఆపి, క్రోమోజోములను ఫొటో తీసి, జతలుగా పేర్చి లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఒక్కో మనిషికి ఇరవై కణాలు. ఒక్కో కణంలో మామూలుగా నలభై ఆరు. రోజంతా లెక్కే.

యూనివర్సిటీలో నాకు సీనియర్ శ్రీలక్ష్మి అక్క. ఇప్పుడు ఏలూరులో ఒక బీఈడీ కాలేజీలో జీవశాస్త్ర బోధన చెబుతోంది. ఆమె ఫోన్ చేసింది. "తమ్ముడూ, మా వాళ్ళు బడుల్లో పదో తరగతికి లింగ నిర్ధారణ పాఠం చెప్పబోతున్నారు. బోర్డు మీద XX, XY అని రాస్తారు, తుడిచేస్తారు. పిల్లలు ఇంకొక్క ప్రశ్న వేస్తే వీళ్ళ దగ్గర జవాబు లేదు. అసలు వీళ్ళకేం తెలుసో నువ్వొచ్చి చూసిపో" అంది. సెలవు నాలుగు రోజులు దొరికింది. పన్నెండు ప్రశ్నల పేపరు తయారు చేసుకుని బయల్దేరాను.

ఏలూరు: నలభై రెండు ఒకేలా

ప్రతి ప్రశ్నకూ మూడు గళ్ళు: అవును, కాదు, తెలియదు. పేరు రాయనక్కర్లేదు. మార్కులు లేవు. ఇవన్నీ రెండుసార్లు చెప్పాను. అందరూ రెండుసార్లూ తల ఊపారు. పావుగంటలో పేపర్లన్నీ చేతికిచ్చేశారు. నాకు శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ గారు జీడిపప్పుల పళ్ళెం నా వైపు జరుపుతూ, "మా కాలేజీ గురించి నాలుగు మంచి మాటలు రాయండి సార్" అన్నారు.

మధ్యాహ్నం శ్రీలక్ష్మి అక్క నన్ను టిఫిన్ హోటల్‌కు తీసుకెళ్ళింది. ఉప్మా పెసరట్టు అరవై రూపాయలు. మా వైపు బొరుగుల ఉగ్గాని తింటే పక్కన మిరపకాయ బజ్జీ ఉంటుంది, అదొక వస్తువు, ఇదొక వస్తువు. ఇక్కడ టిఫిన్‌లో టిఫిన్ చుట్టి ఇస్తారు. అల్లం చట్నీ బెల్లం వేసి తియ్యగా ఉంటుంది. మొదటి ముద్దకు ఆశ్చర్యపోయాను, మూడో ముద్దకు ఇంకొంచెం అడిగాను.

తింటూనే పేపర్లు తిరగేశాను. మొదటి ఆరు ఒకేలా ఉన్నాయి. తరువాతి పది కూడా. తొమ్మిదో ప్రశ్నకు మొదట "అవును" గడిలో టిక్కు పెట్టి, దాన్ని కొట్టేసి "కాదు"లో పెట్టారు. అదీ అన్నిట్లోనూ. నలభై రెండు పేపర్లు, నలభై రెండు కొట్టివేతలు, అన్నీ ఒకే చోట.

"అక్కా, ఇది కాపీ."

"మార్కుల్లేని పేపరుకి కాపీ ఎందుకు కొడతార్రా?"

క్లాస్ లీడర్ ప్రసాద్‌ను ఫోన్ చేసి హోటల్‌కే పిలిపించింది. అతను చేతులు కట్టుకుని నిలబడి, దాచకుండా చెప్పాడు. "జవాబులు నేనే చదివానండీ. తొమ్మిదోది మొదట తప్పు చదివానండీ, మళ్ళీ సరిచేశాను."

"ఎందుకండీ?"

"ఎవరూ 'తెలియదు' పెట్టకూడదని ముందే అనుకున్నామండీ. ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి 'తెలియదు' అని రాసిస్తే కాలేజీకి చెడ్డపేరు కదండీ."

"నేను ఇన్‌స్పెక్షన్ కాదండీ!"

ప్రసాద్ నా కాళ్ళకేసి చూశాడు. "బూట్లు చూసి అనుకున్నామండీ. ఫైలు కూడా ఉందండీ చేతిలో."

శ్రీలక్ష్మి అక్క పెసరట్టు పక్కన పెట్టి మరీ నవ్వింది. కాలేజీకి ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరు తనిఖీకి వస్తారట. బూట్లూ ఫైలూ కనపడగానే థర్మోకోల్ గుండె బయటికి వస్తుందట.

మిగిలిన ఒక్క పేపరు నలభై మూడోది. అందులోనూ జవాబులు అవే. కానీ ఏడో ప్రశ్న దగ్గర మూడు గళ్ళూ ఖాళీ. ఆ ప్రశ్న ఇది: "XY క్రోమోజోములు ఉన్న వ్యక్తి తప్పకుండా మగవారే." పేపరు వెనక్కి తిప్పితే చిన్న గుండ్రని అక్షరాలు: "సార్, XY ఉన్న ఆడమనిషి ఉంటారా? ఉంటే నా పాఠంలో ఏం చెప్పాలి? గురువారం నా ఫైనల్ లెసన్. ఎగ్జామినర్ గారు వస్తారు. పుస్తకంలో లేనిది చెబితే మార్కులు పోతాయా?"

"ఇది మల్లీశ్వరి రాత" అంది అక్క, ఇక నవ్వకుండా. కొల్లేటి ఊరి అమ్మాయి. ఆ ఊరి హైస్కూల్లోనే ఇంటర్న్‌షిప్ చేస్తోంది. పోయినసారి జ్వరమొచ్చి ఫైనల్ లెసన్ తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోయినట్టే. కాలేజీకి తిరిగెళ్ళి మల్లీశ్వరిని పిలిస్తే వచ్చి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఒకే మాట అంది: "మా పిన్ని దగ్గరొక కాగితం ఉందండీ. మీరు వచ్చి చూస్తే బాగుంటుందండీ. మీరది చూడకుండా, XY అంటే మగ అన్న ఆ వాక్యం నేను పిల్లలకి చెప్పలేనండీ."

బుధవారం వస్తానన్నాను.

భీమడోలు దాటాక: గుంటకు మూడు మొక్కలు

మంగళవారం పాసింజర్‌లో తాడేపల్లిగూడెం బయల్దేరాను. అక్కడి ఇంకో కాలేజీలో కూడా ఇదే పని. భీమడోలులో ఒక పెద్దాయన ఎక్కారు. రెండు ట్రేల నిండా బొప్పాయి నారు. ఒక ట్రే సీటు కింద పెట్టి, రెండోది నా ఒళ్ళో పెట్టారు. అడగలేదు. అడగాల్సిన అవసరం లేదన్నట్టు నవ్వారు.

"ఆయ్, ఎక్కడిదాకండీ?"

చెప్పాను. ఏం పని మీదో కూడా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఈ ప్రాంతంలో రెండో ప్రశ్న అదే. మా వైపు రైల్లో ఊరి పేరు అడిగి ఊరుకుంటారు. ఇక్కడ ఊరు, పని, జీతం, పెళ్ళి వరుసగా వస్తాయి. అన్నిటి చివరా "అండీ" ఉండడం వల్ల దేనికీ కోపం రాదు.

"ఆడా మగా గురించి టీచర్లకి పరీక్షాండీ?" ఆయన ట్రేలోని మొక్కను వేలితో చూపించారు. "మరి ఇది ఆడో మగో చెప్పండి చూద్దాం."

నాకు తెలియదన్నాను.

"నాకూ తెలీదండీ. నలభై ఏళ్ళుగా నర్సరీ పెట్టినోణ్ణి, నాకే తెలీదు. అందుకే గుంటకి మూడేసి నాటమంటాం. పువ్వేసేదాకా ఆగాలి. ఆడ పువ్వేస్తే ఉంచుతాం, మగ పువ్వేస్తే తోటకి సరిపడా ఉంచి మిగతావి పీకేస్తాం. ఇంకో రకముందండీ, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి. దానికి గిరాకీ ఎక్కువ. అదీ ఎండలు ముదిరితే పువ్వు మార్చేస్తుందండీ, కాయ నిలవదు."

"ఇది మీకు ఎవరు నేర్పారండీ?"

"బొప్పాయి నేర్పిందండీ."

దిగేటప్పుడు నాకు రెండు మొక్కలు ఇచ్చారు. మూడివ్వాలి కదా అంటే, "మూడోది టీచర్లకి చూపించండి" అని ఇంకొకటి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు.

తాడేపల్లిగూడెం: చీటీలు

స్టేషన్ బయట ఉల్లిపాయల వాసన. ఇక్కడి హోల్‌సేల్ మార్కెట్‌కు లారీలు వస్తూనే ఉంటాయి. కళ్ళు మండాయి. ఆటో అతను "అలవాటైపోతుందండీ" అన్నాడు, తన కళ్ళు తుడుచుకుంటూ.

ఈసారి జాగ్రత్తలు మూడు తీసుకున్నాను. ఒకటి, బూట్లు గుమ్మం బయట విడిచాను. రెండు, ఫైలు సంచిలో పెట్టాను. మూడు, ప్రశ్నాపత్రం ఇవ్వలేదు. ముప్ఫై ఎనిమిది తెల్ల చీటీలు పంచి, "ఈ విషయంలో మీకు తెలియనిది ఒకటి రాయండి. తెలిసింది రాస్తే తీసుకోను" అన్నాను. బొప్పాయి మొక్క బల్ల మీద పెట్టి, ఇది ఆడో మగో నాకూ తెలియదని మొదలుపెట్టాను. ఒకరి చీటీలోకి ఒకరు తొంగిచూడడం ఆగిపోయింది. తెలియనిదాన్ని కాపీ కొట్టడం కష్టమని అప్పుడు గ్రహించాను.

వచ్చిన వాటిలో కొన్ని: "కవలల్లో ఒకరు ఆడ, ఒకరు మగ ఎలా?" "కొడుకు పుట్టకపోతే భార్యనెందుకు అంటారు, నిర్ణయించేది తండ్రి కణమైతే?" "పుట్టిన బిడ్డను చూసి డాక్టరు ఆడో మగో చెప్పలేకపోతే ఏం చేస్తారు?" "ఇద్దరు మగవాళ్ళు ఇష్టపడటం జంతువుల్లో ఉందా?" ఉందని చెప్పాను, పక్షుల్లో, గొర్రెల్లో, డాల్ఫిన్లలో. గొర్రెల మాట రాగానే వెనక బెంచీలో ఒకతను "మా తాతగారి మందలో ఉందండీ ఒకటి, ఆయన దాన్ని సన్నాసి అనేవారు" అన్నాడు. గదంతా నవ్వింది.

తొమ్మిది చీటీల్లో దాదాపు ఒకే ప్రశ్న: "ట్రాన్స్‌జెండర్లకు ఏ క్రోమోజోము ఎక్కువ, ఏది తక్కువ?" ఈసారి కాపీ కాదు. నిజంగానే తొమ్మిది మందికీ అదే అనుమానం. మామూలుగా ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదని చెప్పాను. క్రోమోజోములు, లోపలి గ్రంథులు, హార్మోన్లు, బయటి శరీరం, తానెవరో మనిషికి లోపల తెలిసే తెలివిడి, ఎవరిని ఇష్టపడతారన్నది: బోర్డు మీద ఆరు వరుసలు రాశాను. చాలామందిలో ఈ వరుసలు మనం అనుకున్నట్టే కలుస్తాయి, కొందరిలో కలవవు, కలవకపోవడం జబ్బు కాదు అన్నాను.

క్లాసు అయ్యాక ఒకమ్మాయి గుమ్మం దాకా వచ్చి, నేను బూటు లేసు కట్టుకుంటుండగా మెల్లగా అడిగింది. "సార్, మా అన్నయ్య తనని అమ్మాయి అంటాడండీ. మా నాన్నగారు రక్తపరీక్ష చేయిస్తానంటున్నారు. మీ ల్యాబ్‌లో ఏ పరీక్షలో తెలుస్తుందండీ?"

"మా ల్యాబ్‌లో తెలియదండీ. అడిగితే తెలుస్తుంది."

"ఎవర్నండీ?"

"మీ అన్నయ్యనే."

ఆమె "చెప్పాడుగా అయితే... అదే, చెప్పిందిగా అయితే" అని తనను తానే సరిచేసుకుని, నవ్వి, వెళ్ళిపోయింది.

కొల్లేరు: ట్రంకు పెట్టె

మల్లీశ్వరి వాళ్ళ ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఏలూరు నుంచి బస్సు, అక్కడి నుంచి ఆటో, చివరి కాస్త దోనె. రెండు వైపులా చేపల చెరువులు, మధ్యలో గట్లు, గట్ల మీద గూడబాతులు. అవి ఎగరడానికి ముందు నీళ్ళ మీద చాలా దూరం పరిగెడతాయి, బస్సు తప్పిపోతున్న లావుపాటి మనుషుల్లా. ఈ గట్లను ఒకసారి కొట్టేశారట, మళ్ళీ లేచాయట. ఎవరి గట్టు సక్రమం, ఎవరిది అక్రమం అన్న మాట మాత్రం ఇక్కడ భోజనాల దగ్గర ఎత్తకూడదని మల్లీశ్వరి ముందే హెచ్చరించింది.

మా అనంతపురంలో నీళ్ళను లోతుతో కొలుస్తాం, బోరు ఎన్ని అడుగులు అని. ఇక్కడ వెడల్పుతో కొలుస్తారు. ఈ తేడా ఆలోచిస్తూ దోనె దిగబోయి గట్టు అనుకున్నచోట కాలు పెట్టాను. అది గట్టు కాదు. మోకాలి దాకా దిగబడ్డాను. కాలు వచ్చింది, ఎడమ బూటు రాలేదు. పద్దెనిమిది వందల రూపాయల జతలో సగం కొల్లేటిలో ఉండిపోయింది.

"బూటు పోతే పోయింది, బాబుగారు వచ్చారు, అదే చాలు" అంటూ చెయ్యిచ్చి లాగినావిడ రత్తమ్మగారు, మల్లీశ్వరి పిన్ని. యాభై దాటిన మనిషి, పొడగరి, నవ్వితే గట్టు అవతలి గూడబాతులు తల తిప్పి చూసేంత గొంతు. ఊరి హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతారు. అంతకు ముందు చేపపిల్లల హేచరీలో పన్నెండేళ్ళు చేశారు.

ముందు భోజనం, తరువాతే కాగితం అన్నారు. కొరమీను పులుసు, చేదుపరిగెల వేపుడు, వేడన్నం. చేదుపరిగె వేలెడంత చేప. తల, తోక, ముల్లు అన్నీ నమిలి మింగాలి. అనంతపురంలో చేప ఐసు పెట్టెలో ఆదివారం వస్తుంది, ముళ్ళు ఏరడానికే అరగంట పడుతుంది. ఇక్కడ ముల్లు ఏరబోతే ముగ్గురు నవ్వారు. పన్నెండు తిన్నాను. పదమూడోది రత్తమ్మగారు బలవంతాన వేశారు.

చేతులు కడుక్కున్నాక ట్రంకు పెట్టెలోంచి, పెళ్ళిచీర మడతలోంచి, ఒక కవరు తీశారు. పాతికేళ్ళ నాటి రిపోర్టు. అంటించిన ఫొటో అంచులు పసుపుపచ్చగా ఉన్నాయి గానీ క్రోమోజోములు చక్కగా విడివిడిగా ఉన్నాయి. చేసినవాళ్ళు మంచి పనివాళ్ళు. నేను మళ్ళీ లెక్కపెట్టాను. పరిశీలించిన కణాలు ఇరవై. ఫలితం: 46, XY.

"పెళ్ళైన నాలుగేళ్ళకి పిల్లల్లేరని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారండి" అన్నారు రత్తమ్మగారు. "నాకు నెలసరి ఎప్పుడూ రాలేదు, అది కూడా చెప్పాం. డాక్టరు గారు మా ఆయన్నొక్కణ్ణే లోపలికి పిలిచి ఇంగ్లీషులో చెప్పారు. బయటికొచ్చి ఆయన నాతో మాట్లాడలేదు. బస్సులో మాట్లాడలేదు. ఏలూరులో దిగాక 'నువ్వు మీ ఇంటికెళ్ళు' అన్నాడు. అంతేనండి. ఆయనేం విన్నాడో నాకు ఇప్పటిదాకా తెలీదు."

"ఎవరినీ అడగలేదా అండీ?"

"ఎవర్నడగనండీ? మొన్న ఈ పిల్ల పాఠం చదూకుంటా, XX అంటే ఆడ, XY అంటే మగ అని అరుగు మీద కూర్చుని వల్లిస్తంది. నేను చేప తోముతున్నా. ఏవే, ఆ అచ్చరాలు ఒకసారి రాసి చూపించమన్నాను. చూపించింది. నా కాయితంలో ఉన్నయ్యీ అవే."

మల్లీశ్వరి తల వంచుకుంది. "నా నోటితోనే వినిపించానండీ."

రత్తమ్మగారు పీట నా దగ్గరికి జరుపుకున్నారు. "సూటిగా చెప్పండి బాబూ. నేను మగోణ్ణా?"

నేను డాక్టర్ని కానని ముందు చెప్పాను. "మీరు ఆడవారేనండీ. ఈ కాగితం మీ క్రోమోజోముల గురించి మాత్రమే చెబుతుంది. నాకు తెలిసినంతవరకు ఇలా ఉన్నప్పుడు ఒంట్లో మగ హార్మోను తయారవుతుంది, కానీ దాన్ని అందుకునే ఏర్పాటు కణాల్లో ఉండదు. అందువల్ల శరీరం పుట్టకముందు నుంచే ఆడశరీరంగా పెరుగుతుంది. గర్భసంచి మాత్రం ఉండదు. మీదీ అదేనా అన్నది డాక్టరు చూసి తేల్చాలి. లోపలి గ్రంథుల్ని స్కాన్ కూడా చేయించాలి, అది వాయిదా వెయ్యకూడదు."

ఆవిడ కాగితాన్ని మడిచి కవర్లో పెట్టారు. తరువాత మల్లీశ్వరి మోకాలి మీద చరిచారు.

"హేచరీలో తిలాపియా పిల్లలకి మేతలో మందు కలిపి పెట్టేవోళ్ళం కదే! మూడు వారాలు పెడితే చెరువు చెరువంతా మగ చేపలైపోవాల. కానీ కొన్ని మొండి పిల్లలుండేయి. మేత ముట్టేయి కాదు. ఎంత పెట్టినా ఆడవిగానే ఉండిపోయేయి. అదన్నమాట బాబూ. నా ఒళ్ళు మేత ముట్టలేదు!"

శాస్త్రం ప్రకారం ఈ పోలిక సరిగ్గా లేదు. ముట్టకపోవడం వేరు, అందుకునే ఏర్పాటు లేకపోవడం వేరు. సరిచేద్దామని పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

"నాలుగు రోజులుగా నిద్ర లేదండి" అన్నారు, ఇప్పుడు పెద్దగా నవ్వుతూ. "పాతికేళ్ళు ట్రంకు పెట్టెలో మగోణ్ణి దాచానేమో అని. ఇంట్లో మగదిక్కు లేదని మా అమ్మ పోయేదాకా ఏడిచింది. ముందే తెలిస్తే ఈ కాయితం చూపించి ఊరుకోబెట్టేదాన్ని."

మల్లీశ్వరి మాత్రం నవ్వలేదు. "రేపు ఆ వాక్యం ఉన్నదున్నట్టు చెప్పేస్తే మార్కులొస్తాయండీ. కానీ వంటశాల మా క్లాసు కిటికీ పక్కనే. పిన్ని వింటూ ఉంటుంది. వేరేలా చెబితే ఎగ్జామినర్ గారు పుస్తకం తెరిచి చూపిస్తారు. ఈసారి పోతే ఏడాది పోతుందండీ."

"నా పేరు చెప్పకు, సంగతి చెప్పు" అన్నారు రత్తమ్మగారు. "మార్కులు పోతే పోనీ అని నేనననే. మార్కులూ తెచ్చుకో."

ఈ కథనం రాస్తానంటే ఆవిడ పెట్టిన షరతులు కూడా అలాంటివే: పేరు మార్చాలి, ఊరు తీసెయ్యాలి, పులుసు సంగతి మాత్రం తీసెయ్యకూడదు.

గురువారం

కుడి బూటు ఒక్కటే ఉపయోగం లేదు కాబట్టి నూట ఇరవై రూపాయల రబ్బరు చెప్పులతో బడికి వెళ్ళాను. ఎవరూ లేచి నిలబడలేదు. చివరి బెంచీలో శ్రీలక్ష్మి అక్క, పక్కన నేను. ముందు కుర్చీలో ఎగ్జామినర్ గారు, తెల్ల జుట్టు, మెత్తని గొంతు, తొడ మీద తెరిచిన పాఠ్యపుస్తకం.

మల్లీశ్వరి చార్టు తగిలించింది. XX, XY, తల్లి, తండ్రి, నాలుగు గళ్ళ పట్టిక, అంతా పుస్తకంలో ఉన్నట్టే సాగింది. కిటికీ అవతల గంటె చప్పుడు ఆగింది. ఎగ్జామినర్ గారు టిక్కులు పెడుతున్నారు. ఇక ఆ వాక్యం వచ్చింది. మల్లీశ్వరి సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి, మళ్ళీ పిల్లల వైపు తిరిగింది.

"తిలాపియా పిల్ల ఆడో మగో ఎవరు నిర్ణయిస్తారు?"

క్లాసు ఒక్కసారి లేచింది. "మేత టీచర్!" "మందు టీచర్!" "మా నాన్న టీచర్!"

"అంటే క్రోమోజోము ఒక్కటే అన్నీ నిర్ణయించదన్నమాట. మనుషుల్లో కూడా చాలామందిలో XY ఉంటే మగ, XX ఉంటే ఆడ. అందరిలోనూ కాదు. XY ఉన్న ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఒళ్ళు మగ హార్మోనుని అందుకోదు. వాళ్ళు వండుతారు, తిడతారు, నవ్వుతారు. మన మధ్యే ఉంటారు. తానెవరో ఒళ్ళు చెప్పినట్టు కాక మనసుకి వేరేగా తెలిసినవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ క్రోమోజోముల్లో ఏ తేడా కనపడకపోవచ్చు."

ఎగ్జామినర్ గారు పెన్ను ఆపారు. "ఏవమ్మా, ఈ మాట ఏ పేజీలో ఉంది?"

మల్లీశ్వరి నా వైపు చూడలేదు. "పుస్తకంలో లేదండీ. పుస్తకం తప్పు చెప్పలేదండీ. కొంత చెప్పిందండీ. మిగతాది పిల్లలు అడిగితే చెప్పాలి కదండీ."

"పిల్లలు అడగలేదుగా?"

మూడో బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, అలాంటావిడ కనపడితే ఏమని పిలవాలి?"

"ఆవిడ ఎలా పిలవమంటే అలా."

ఇంకో చెయ్యి. ఇంకో రెండు. వరి పువ్వు గురించి ఒకటి, నత్త గురించి ఒకటి, హిజ్రాల గురించి ఒకటి. "వాళ్ళని నవ్వినోళ్ళని ఏం చెయ్యాలి టీచర్?" అని ఒకటి. ఎగ్జామినర్ గారు ఏమీ అనకుండా పుస్తకం మూసి, వాచీ చూసుకుని, వింటూ కూర్చున్నారు. పీరియడ్ గంట కొట్టారు, ఎవరూ లేవలేదు.

చివరిగా ముందు బెంచీ కుర్రాడు లేచాడు. "టీచర్, మరి మీది ఏది?"

క్లాసు గొల్లుమంది. మల్లీశ్వరి కూడా నవ్వింది. "నాకు తెలీదు. పరీక్ష చేయించుకోలేదు. నీదేంటో నీకు తెలుసా?"

వాడు తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "తెలీదు టీచర్."

"ఎగ్జామినర్ సార్‌వి?" అన్నాడు ఇంకొకడు ధైర్యం చేసి.

"తెలియదు నాయనా" అన్నారాయన, మొదటిసారి నవ్వుతూ.

మార్కుల కాగితం చెట్టు కింద ఇచ్చారు. విషయ పరిజ్ఞానానికి పూర్తి మార్కులు. సమయపాలనకు మూడు తగ్గించారు, బోర్డు మీద సారాంశం రాయనందుకు రెండు. యాభైకి నలభై ఐదు. మల్లీశ్వరి ఆ కాగితం పట్టుకుని నేరుగా వంటశాలకు పరిగెత్తింది. లోపలి నుంచి గంటె కిందపడిన చప్పుడు, ఆ తరువాత ఆ నవ్వు. వచ్చే సోమవారం ఇద్దరూ విజయవాడ వెళ్ళి స్కాన్ చేయించుకుంటారని, ఈసారి డాక్టరు గారి గదిలోకి ఇద్దరూ వెళ్తారని అక్కడే తేల్చేసుకున్నారు. ఎగ్జామినర్ గారు భోజనానికి ఆగి సాంబారు రెండోసారి వేయించుకున్నారు.

మా ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఎవరి రక్తంతో వాళ్ళే పని నేర్చుకుంటాం. అందువల్ల నాది నాకు తెలుసు.

ఆ పూట బడి ఆవరణలో ఉన్నవారు: పిల్లలు నూట ఎనభై నాలుగు, టీచర్లు తొమ్మిది, ట్రైనీలు నలుగురు, శ్రీలక్ష్మి అక్క, ఎగ్జామినర్ గారు, వంటవాళ్ళు ఇద్దరు, నేను. మొత్తం రెండు వందల రెండు. తమ క్రోమోజోములు ఏవో తెలిసినవారు ఇద్దరు.